వీడియో చూస్తే అంతా అర్థమవుతుంది, ఖాళీ ఫైల్ తెరిస్తే చెయ్యి ఆడదు. ఏం చేయాలి?

కొరిటెపాడు_కుర్రాడు | గుంటూరు | ఆదివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. బీఎస్సీ చివరి ఏడాది చదువుతున్నాను. పైథాన్ ప్రోగ్రామింగ్ మీద ఇప్పటికి మూడు కోర్సులు పూర్తి చేశాను. రెండు యూట్యూబ్‌లో, ఒకటి డబ్బు కట్టి. లూపులు, ఫంక్షన్లు, లిస్టులు, డిక్షనరీలు, క్లాసులు అన్నీ "వచ్చు". సార్ రాస్తుంటే తర్వాతి లైను ఏమిటో ముందే చెప్పేయగలను. కానీ వీడియో ఆపి ఖాళీ ఫైల్ తెరిస్తే మొదటి లైను దగ్గరే ఆగిపోతాను. నిన్న రెండు గంటలు కర్సర్ మిణుకుమంటుంటే చూస్తూ కూర్చున్నాను.

ఒక ఫ్రెండ్ రోజుకు మూడు కోడింగ్ సమస్యలు చెయ్యమంటాడు. ఇంకొకడు ప్రాజెక్టులు చెయ్యమంటాడు. ఏ ప్రాజెక్టు? క్యాలిక్యులేటర్, టు-డూ లిస్ట్ చేశాను. అవీ చూసి టైపు చేసినవే. ఇప్పుడు నాలుగో కోర్సు ఒకటి 499కి ఆఫర్‌లో ఉంది. తీసుకోనా? రోజుకు రెండు గంటలు పెట్టగలను. లాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్.

బందరురోడ్డు | విజయవాడ | 10:52

తీసుకోకు.

గోలీసోడా | 10:55

ఎవరైనా వేపాకు పద్యం వేసేలోపు నేనే చెప్పేస్తున్నా: ఆ పద్యం ఈ చర్చలో నిషేధం. నేను తిని చూశాను. తియ్యగా అవదు.

బందరురోడ్డు | 11:20

ఇందాక ఒక్క ముక్కలో కొట్టేశాను, సరిగ్గా చెబుతాను. పద్నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, కొత్తగా చేరిన చాలామందిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. అందరికీ నీ జబ్బే. చూసి అర్థం చేసుకోవడం వేరు, గుర్తు తెచ్చుకుని రాయడం వేరు. నువ్వు మొదటిదే మూడుసార్లు చేశావు. నాలుగో కోర్సు కూడా అదే చేయిస్తుంది.

రేపు చేయాల్సింది ఇది. కోర్సులో చేసిన ఏదో ఒక చిన్న ప్రోగ్రాం తీసుకో, వీడియో మూసెయ్, చూడకుండా మళ్ళీ రాయి. ఆగిపోతావు. ఆగిన చోట "ఇక్కడ ఆగాను, నాకు తెలియనిది ఇదీ" అని కాగితం మీద రాసుకో. అప్పుడు ఆ ఒక్క ముక్కే చూసి మళ్ళీ మూసెయ్. ఒక వారం ఇలా చేస్తే నీకు రానివి ఏమిటో జాబితా చేతిలో ఉంటుంది. ఆ జాబితా ఏ కోర్సూ ఇవ్వదు.

ఇంకో ప్రశ్న. మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికీ నోటుబుక్కులో లెక్క రాస్తారా?

కొరిటెపాడు_కుర్రాడు | 11:31

నాన్న రాస్తారు అన్నా. పాల ప్యాకెట్లు వేస్తారు, బ్రాడీపేట వైపు 62 ఇళ్ళు. పెద్ద లాంగ్‌బుక్కు ఉంటుంది. ఎవరెవరు ఏ రోజు వద్దన్నారో అందులో ఇంటూ గుర్తు పెడతారు. నెలాఖరుకు రెండు సాయంత్రాలు అమ్మా నాన్నా నేనూ కూర్చుని లెక్క తేలుస్తాం.

బందరురోడ్డు | 11:34

అదే నీ ప్రాజెక్టు. యాప్ వద్దు, వెబ్‌సైటు వద్దు, లాగిన్ పేజీ అసలే వద్దు. ఒక ఇల్లు, ఒక నెల, మొత్తం ఎంత. స్క్రీన్ మీద ఒక్క అంకె రావాలి. అది నాన్న లెక్కతో సరిపోవాలి. సరిపోయాక రెండో ఇల్లు.

ఆటోనగర్_మేస్త్రీ | విజయవాడ | సోమవారం ఉదయం 7:15

నేను చదువుకున్నవాణ్ణి కాదు తమ్ముడూ, షెడ్డులో పెరిగాను. 41 ఏళ్ళు వచ్చాక కంప్యూటర్ పట్టుకున్నాను, ఇప్పుడు మా స్పేర్ పార్టుల స్టాకు నా ప్రోగ్రాం మీదే నడుస్తోంది. అందుకే ఒక మాట చెబుతాను.

మా దగ్గర కొత్త కుర్రాడు చేరితే మొదటి మూణ్ణెల్లు పానాలు అందించడం, నట్లు డీజిల్‌లో కడగడం. అప్పట్లో వెట్టిచాకిరీ అనుకునేవాణ్ణి. పన్నెండు నంబరు ఏదో, పద్నాలుగు ఏదో చేత్తో పట్టుకోగానే తెలిసింది ఆ కడగడంలోనే. అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి. మేస్త్రీ బండి విప్పి, చూసి, "ఇది కాదురా" అనుకుని మళ్ళీ మూసేవాడు. రోగం ఇంకెక్కడో ఉండేది. ఎలా పొరపాటు పడ్డాడో, ఎలా తేరుకున్నాడో పక్కన ఉండి చూశాం. వీడియోలో సారు ఎప్పుడూ తప్పు చేయడు. చేసినా ఆ ముక్క కోసేస్తాడు. నీకు కావాల్సింది ఆ కోసేసిన ముక్క.

గోలీసోడా | 7:40

మేస్త్రీ గారికి ఒక గోలీసోడా నా లెక్కలో.

పోటీ_ప్రియుడు | గుంటూరు | సోమవారం మధ్యాహ్నం 1:05

అందరూ ప్రాజెక్టు ప్రాజెక్టు అంటున్నారు, నేను ఒప్పుకోను. పోయిన ఏడాది రెండు మంచి ప్రాజెక్టులు పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్ళాను. వాటి గురించి అడిగే దాకా నేను చేరనే లేదు. మొదటి రౌండ్ ఆన్‌లైన్ పరీక్షలోనే పోయాను. రెండు జాబితాలు ఇచ్చి, ఒక్కోదాంట్లో లక్ష నంబర్లు, రెండింటిలోనూ ఉన్నవి చెప్పమన్నారు. లూపులో లూపు పెట్టాను. లక్ష ఇంటూ లక్ష అంటే వెయ్యి కోట్ల పోలికలు. పైథాన్ సెకనుకు కోటి చేసిందనుకున్నా వెయ్యి సెకన్లు, పావుగంట పైనే. ఒక జాబితాను, ఒక నంబరు ఉందో లేదో వెంటనే చెప్పే సెట్‌లో వేసి ఉంటే సెకను లోపు అయిపోయేది. వరసలో పెట్టి, ప్రతిసారీ సగం తీసేస్తూ వెతికే బైనరీ సెర్చ్ చేసినా ఒక్కో నంబరుకు 17 పోలికలు చాలు.

62 ఇళ్ళకు ఎంత చెత్త కోడ్ రాసినా పరుగెడుతుంది. నీ తప్పు నీకు ఎప్పటికీ తెలియదు. అందుకే సమస్యలు చెయ్యాలి.

బందరురోడ్డు | 1:30

చివరి ముక్క నిజం. పాల లెక్క ఒక్కటే పెట్టుకుంటే వేగం గురించి ఆలోచించే అవసరమే రాదు. కానీ రోజూ సమస్యలు మాత్రమే చేసినవాళ్ళను కూడా చూశాను. ప్రశ్న ఎవరైనా శుభ్రంగా రాసిస్తే జవాబు చకచకా చెబుతారు. "నెల మధ్యలో రేటు పెరిగింది, ఏం చేద్దాం" అంటే ప్రశ్న ఎక్కడ మొదలవుతుందో తెలియక బిక్కమొహం వేస్తారు.

కుర్రాడికి నా లెక్క: నాలుగు రోజులు పాలు, రెండు రోజులు సమస్యలు, ఒక రోజు ఏమీ లేదు. ఒక సమస్యకు జవాబు చూసేస్తే మూడు రోజులాగి అదే సమస్య చూడకుండా చెయ్. రాకపోతే అది నీకు వచ్చినట్టు కాదు.

లెనిన్‌సెంటర్ | విజయవాడ | సోమవారం సాయంత్రం 6:20

1995 ప్రాంతంలో నేను సీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న రోజుల ముచ్చట చెబుతాను, పనికొస్తే తీసుకోండి. ఇంట్లో కంప్యూటర్ లేదు. బీసెంట్ రోడ్డు దగ్గర ఒక సెంటర్లో గంటల లెక్కన డబ్బు కట్టేవాళ్ళం. వారానికి మూడు గంటలు మించి నా జేబు ఒప్పుకునేది కాదు. పుస్తకం లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దుకాణంలో కొన్నదే. ఎవరో ముందు చదివినాయన పెన్సిల్ గీతలు కూడా దాంతో పాటే వచ్చాయి.

మూడు గంటలు వృథా చేయలేం కదా, అందుకని ప్రోగ్రాం మొత్తం ఇంట్లో కాగితం మీద రాసేవాణ్ణి. పక్కన ఒక్కో వేరియబుల్‌కు ఒక గడి. ఒక్కో లైను దాటుతూ ఏ గడిలో విలువ ఎంతైందో కొట్టేసి మళ్ళీ రాయడం. డ్రై రన్ అనేవారు. విసుగు పని. కానీ సెంటర్‌కు వెళ్ళి టైపు చేస్తే చాలాసార్లు మొదటి దెబ్బకే నడిచేది. నడవకపోతే ఎక్కడ నా ఊహ, కంప్యూటర్ చేసింది వేరయ్యాయో కాగితంలో కనిపించేది. ఖాళీ ఫైల్ భయపెడితే ఆ ఫైల్ మూసేసి కాగితం తీయండి బాబూ.

అరండల్‌పేట_అక్క | గుంటూరు | సోమవారం రాత్రి 9:10

నేను ల్యాబ్‌లో పాఠం చెబుతాను. ఒక అభ్యాసం ఇస్తాను, ఇది ఏ వెబ్‌సైటులోనూ వెతుక్కోకుండా చెయ్.

ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే మాటను పట్టుకునే ప్రోగ్రాం ప్రతి బ్యాచ్‌కూ ఇస్తాం. పిల్లలు ఇంగ్లిష్‌లో మేడమ్, లెవెల్ ఇచ్చి సరే అనిపించుకుంటారు. నేను తెలుగు అడుగుతాను. జలజ ఇస్తే అవును అంటుంది. నటన ఇస్తే అవును అంటుంది. అప్పుడు వికటకవి ఇవ్వమంటాను. కాదు అంటుంది! తెనాలి ఇక్కడికి ఎంత దూరమని, ఆ రామకృష్ణుడి బిరుదునే కాదంటుంది.

ఎందుకో నువ్వు కనిపెట్టు. ఒక్క ఆచూకీ ఇస్తా: ఆ మాట పొడవెంతో ప్రోగ్రాంని అడుగు.

కొరిటెపాడు_కుర్రాడు | మంగళవారం రాత్రి 11:48

అక్కా, 7 అంది! నేను లెక్కపెడితే 5. గంటన్నర పట్టింది. ఒక్కో అక్షరం విడిగా ప్రింట్ చేస్తే తెలిసింది. వ ఒకటి, గుడి ఒకటి. కంటికి "వి" ఒక అక్షరం, దానికి రెండు. వెనక్కి తిప్పితే గుడి ముందుకొచ్చి కూర్చుంటోంది, అందుకే కాదంటోంది. గుంటూరు కూడా చూశాను, మూడక్షరాల ఊరిని 7 అంటోంది.

గుణింతపు గుర్తు వస్తే ముందు అక్షరానికి అతికించేలా రాశాను. వికటకవికి అవును అంది. ఇది ఏ వీడియోలోనూ చూడలేదు. మొదటిసారి నేనే రాశాననిపించింది.

అరండల్‌పేట_అక్క | మంగళవారం రాత్రి 11:55

ఇప్పుడు "అమ్మ" ఇవ్వు. ఎన్ని అక్షరాలంటుందో చెప్పు.

కొరిటెపాడు_కుర్రాడు | బుధవారం 12:09

3 అంటోంది. అ, మ్, మ. వత్తు సంగతి మర్చిపోయాను. పడుకోను ఈ రోజు.

మోడరేటర్ | బుధవారం ఉదయం 8:00

"6 నెలల్లో ఉద్యోగం గ్యారంటీ" అంటూ ఫోన్ నంబరుతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. దయచేసి ఇక్కడ కోర్సులు అమ్మకండి.

కొరిటెపాడు_కుర్రాడు | పన్నెండు రోజుల తర్వాత

చిన్న రిపోర్టు. ఒక ఇల్లు, ఒక నెల మూడో రోజుకే వచ్చింది. నెలకు ఎన్ని రోజులో తేల్చడానికి పన్నెండు ఇఫ్‌ షరతులు రాశాను. 62 ఇళ్ళూ ఎక్కించాను. అమ్మతో సరిచూస్తే 61 ఇళ్ళకే బిల్లులు. ఒక ఇల్లు మాయం! ఎర్రర్ కూడా ఏమీ లేదు, అదే భయమేసింది.

రెండు రోజులు తల కొట్టుకున్నాను. లెనిన్‌సెంటర్ గారు చెప్పినట్టు కాగితం మీద గడులు గీసుకుంటూ వెళితే దొరికింది. నాన్న లైనులో ఇద్దరు సుబ్బారావు గార్లున్నారు. నేను డిక్షనరీలో ఒక్కో లెక్కను వెతికే గుర్తుగా, అంటే కీగా, పేరే పెట్టాను. రెండో సుబ్బారావు గారు రాగానే మొదటాయన లెక్క చెరిగిపోయింది. నాన్నకు చెబితే నవ్వారు. ఆయన పుస్తకంలో పేరు పక్కన 4/7, 3/12 అని ఎప్పటి నుంచో ఉంది. బ్రాడీపేటలో అడ్రసు అంతే కదా, లైను, అడ్డరోడ్డు. నేను అదేదో పనికిరాని అంకె అనుకుని ఎక్కించలేదు.

బందరురోడ్డు | అదే రోజు

నాన్న పుస్తకంలో ప్రతి గీతకూ ఒక కారణం ఉంటుంది. తీసేసే ముందు అడుగు. మా ఆఫీసులో కూడా ఈ తప్పు చేస్తూనే ఉంటాం, కాకపోతే అక్కడ నాన్న బదులు కస్టమరు.

అరండల్‌పేట_అక్క | అదే రోజు

4/7 కూడా సరిపోదు, ఆ ఇంట్లో వాళ్ళు ఖాళీ చేసి వేరేవాళ్ళు దిగితే? ప్రతి ఖాతాకూ నీ సొంత నంబరు ఒకటి ఇవ్వు, అది ఎప్పటికీ మారకూడదు, ఖాళీ చేసినవాళ్ళ నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదు. డేటాబేస్‌లో ప్రైమరీ కీ అని చదివావు కదా, అది ఇదే. ఇక ఫైళ్ళు వదిలేసి ఎస్‌క్యూలైట్ పట్టుకో. డేటాబేస్ మొత్తం ఒక్క ఫైల్‌లో ఉంటుంది, సర్వర్ అక్కర్లేదు, నీ 4 జీబీ లాప్‌టాప్‌కు బరువు కాదు.

తాడేపల్లి_పిల్ల | అదే రోజు

నేను పక్కనుంచి చదువుతున్నాను. ఇదంతా ఏఐకి చెబితే పది నిమిషాల్లో రాసిచ్చేస్తుంది కదా? ఎందుకింత కష్టం?

కొరిటెపాడు_కుర్రాడు | మరుసటి రోజు

సిగ్గుపడుతూ చెబుతున్నా, ఒకసారి చేశాను. పోయిన వారం పాల రేటు మారింది. ప్యాకెట్ 36 నుంచి 37.50. నేను రేటు అని ఒక వేరియబుల్ పెట్టుకున్నా కాబట్టి దాన్ని మార్చాను. పాత నెలల బిల్లులు కూడా కొత్త రేటుకు మారిపోయాయి. కంగారులో మొత్తం ఏఐకి ఇచ్చి సరిచెయ్యమన్నాను. 140 లైన్లు ఇచ్చింది, క్లాసులు గట్రా పెట్టి. నడిచింది కూడా. రెండు రోజుల తర్వాత నాన్న "ఊరెళ్ళినవాళ్ళకు రోజులు తీసేయాలిరా" అంటే ఎక్కడ ముట్టుకోవాలో తెలియలేదు. అది నా ప్రోగ్రాం కాదు అనిపించింది. పాతది తెచ్చుకుందామంటే దాని మీదే సేవ్ చేసేశాను.

బందరురోడ్డు | మరుసటి రోజు

రెండు విషయాలు. ఒకటి, ఈ రోజే గిట్ నేర్చుకో, అది కోడ్ పాత రూపాలన్నీ దాచి ఉంచుతుంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నల్ పని కోసం రాసుకున్నది. నీకు ప్రస్తుతానికి నాలుగు కమాండ్లు చాలు. పని చేస్తున్న ప్రతి దశలోనూ ఒక కమిట్, అంటే అప్పటి రూపాన్ని గిట్‌లో దాచడం. పైన ఒక వాక్యం తెలుగులోనే రాసుకో, ఎవరూ కాదనరు.

రెండు, ఏఐని నేనూ రోజూ వాడతాను. కానీ నేర్చుకునేవాళ్ళకు నా నియమం వేరు. ముందు అరగంట నువ్వే కుస్తీ పట్టు. ఎర్రర్ వస్తే కింది లైను నుంచి పైకి చదువు, పైథాన్‌లో అసలు కారణం అట్టడుగునే ఉంటుంది. అప్పటికీ రాకపోతే "ఈ ఎర్రర్‌కు అర్థమేమిటి" అని అడుగు, "కోడ్ రాసివ్వు" అని కాదు. అది చెప్పినదాన్ని మూసేసి నీ చేత్తో రాయి.

రేటు సంగతి: రేటును అంకెగా కాదు, "ఏ తేదీ నుంచి ఎంత" అని ఒక పట్టికగా పెట్టు. బిల్లు వేసేటప్పుడు ఆ రోజుకు వర్తించే రేటు అందులో వెతుకు.

ఆటోనగర్_మేస్త్రీ | ఆ రాత్రి

తాడేపల్లి అమ్మాయికి: బండి షోరూంలో ఇస్తే వాళ్ళే బాగుచేస్తారు. మెకానిక్ అవ్వాలంటే మాత్రం నువ్వే విప్పాలి. రెండూ తప్పు కాదు, నీకేం కావాలో తేల్చుకో.

కొరిటెపాడు_కుర్రాడు | నెలన్నర తర్వాత

ఈ నెల బిల్లులు మొత్తం ప్రోగ్రాం నుంచే ఇచ్చాం. రేటు పట్టిక, ఊరెళ్ళిన రోజులు అన్నీ కుదిరాయి. కానీ నాన్న ఒక వింత పట్టుకున్నారు. రోజుకు ఒక ప్యాకెట్ వాళ్ళకు 31 రోజులకు 1162.50. ప్రోగ్రాం 1162 వేసింది. రెండు రోజులు మానేసిన ఇంటికి 29 రోజులకు 1087.50. దానికి 1088 వేసింది. "ఒకరికి అర్ధరూపాయి వదిలేసి ఇంకొకరి దగ్గర అర్ధరూపాయి లాగుతావేంట్రా" అన్నారు. దశాంశాలు కంప్యూటర్‌లో తేడా వస్తాయని చదివాను. 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందట, అదేనా ఇది?

పోటీ_ప్రియుడు | గంట తర్వాత

అది కాదు. 0.1ని బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే 0, 1 లెక్కలో, సరిగ్గా రాయలేం కాబట్టి ఆ తేడా. అర, పావు బైనరీలో ఖచ్చితంగా సరిపోతాయి, నీ 1162.50లో ఏ తప్పూ లేదు. నువ్వు పూర్ణాంకానికి సవరించే రౌండ్ ఫంక్షన్ వాడావు కదా? పైథాన్ 3లో సరిగ్గా సగం దగ్గర ఉంటే అది దగ్గరి సరి సంఖ్యకు వెళుతుంది. 1162 సరి, అందుకే కిందికి. 1087 బేసి, అందుకే 1088కి. పెద్ద మొత్తాల్లో ఎక్కువ తక్కువలు ఒకదానికొకటి సరిపోతాయని అలా పెట్టారు. మీ నాన్నగారి పద్ధతి ఏమిటి?

కొరిటెపాడు_కుర్రాడు | కాసేపటికి

అర్ధరూపాయి ఎప్పుడూ వదిలేయడమే. ఇరవై ఏళ్ళుగా అంతేనట.

పోటీ_ప్రియుడు | వెంటనే

అయితే డబ్బంతా పైసల్లో పూర్ణాంకాలుగా దాచుకో, చివర్లో వందతో భాగించి శేషం వదిలెయ్. ఇంకో మాట, 62 ఇళ్ళతో తప్పు తెలియదన్నాను కదా. ఈ తప్పు నాకు ఏ పోటీలోనూ తగల్లేదు. వెనక్కి తీసుకుంటున్నా, సగం.

గోలీసోడా | వెంటనే

సగం దగ్గర సరి సంఖ్యకే వెళ్ళాడు.

లెనిన్‌సెంటర్ | మరుసటి రోజు

బాబూ, ఇక ఇతరులు రాసింది చదవడం మొదలుపెట్టండి. నెలకు ఎన్ని రోజులో తేల్చడానికి మీరు పన్నెండు ఇఫ్‌లు రాశారని పైన అన్నారు. పైథాన్‌తో పాటే క్యాలెండర్ అనే మాడ్యూల్ వస్తుంది, అందులో మంత్‌రేంజ్ అని ఒక ఫంక్షన్ ఉంది. వాడేసి ఊరుకోకండి. ఆ ఫైల్ తెరవండి, అదీ పైథాన్‌లోనే రాసి ఉంటుంది. లీపు సంవత్సరం ఒక్క లైనులో ఎలా తేల్చారో చూసి, మీ పన్నెండు ఇఫ్‌ల పక్కన పెట్టుకోండి. 1900 లీపు కాదు, 2000 లీపు, మీది ఏమంటుందో ఇచ్చి చూడండి.

కొరిటెపాడు_కుర్రాడు | రెండు రోజుల తర్వాత

నాది 1900ని లీపు అంది. అప్పుడు మాకు పాల లైను లేదులెండి. అయినా తీసేసి మంత్‌రేంజ్ పెట్టాను.

ఒక సందేహం. ఆదివారాల్లో కొందరు ఎక్స్‌ట్రా ప్యాకెట్ తీసుకుంటారు. అప్పటికప్పుడు గేటు దగ్గర చెబుతారు. ప్రోగ్రాంలో "రోజుకు ఎన్ని" అని ఇంటికి ఒకే అంకె పెట్టాను. దాన్ని మార్చాలా, ఎక్స్‌ట్రాలకు వేరే పట్టిక పెట్టాలా?

బందరురోడ్డు | అదే రాత్రి

నాన్న పుస్తకంలో దాన్ని ఎలా రాస్తున్నారు? ఆ పేజీ ఫోటో పెట్టు, చూసి మాట్లాడుకుందాం.

కొరిటెపాడు_కుర్రాడు | అదే రాత్రి 10:15

పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయన్నా, అవి కప్పేసి రేపు పెడతాను. నాన్నకు జ్వరం, తెల్లారి నాలుగింటికి లైను నేనే వెయ్యాలి. ఎక్స్‌ట్రాలు నేనే రాసుకుంటాను కాబట్టి ఎలా రాస్తారో రేపు నాకే తెలుస్తుంది.